పత్తిచేని నుండి ఆకాశమునకు: బెస్సీ కోల్‌మన్ జీవితము

సంఖ్యాకాండము 27వ అధ్యాయము మన సంఘములలో ఎక్కువగా ప్రసంగింపబడదు. లెక్కలును పేర్లును గోత్రములును నిండిన గ్రంథమని చదువరులు దానిని దాటిపోవుదురు. గాని ఆ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనువారు, గుడారపు ద్వారమునొద్ద మోషే యెదుటను ప్రధానుల యెదుటను నిలిచి, తమ తండ్రికి కుమారులు లేరు గనుక ఆయన పాలు తమకు రావలెనని అడిగిరి. మోషే తొందరపడి తీర్పు చెప్పలేదు. ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. న్యాయము ఆ ఆడుబిడ్డల పక్షముననే తీర్చబడెను.

ప్రియ చదువరులారా, అది అడిగినవారికి దొరికిన కథ. అడిగినను దొరకనివారు, ఒక ద్వారమునొద్ద కాదు, ప్రతి ద్వారమునొద్దను త్రోసివేయబడినవారు ఏమి చేయవలెను? అట్టి ఒక స్త్రీ జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను. ఆమె రాణి కాదు, మిషనెరీ కాదు. చిన్న విమానము నడుపుట నేర్చుకొనవలెనని కోరి, దాని నిమిత్తము సముద్రము దాటిన పేదింటి పిల్ల.

బెస్సీ కోల్‌మన్ 1892వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమెరికా దేశమునందలి టెక్సస్ రాష్ట్రములో అట్లాంటా అను చిన్న ఊర పుట్టెను. తండ్రి పేరు జార్జి, తల్లి పేరు సూసన్. వారికి కలిగిన పదుముగ్గురు బిడ్డలలో ఆమె పదవది. ఆ దేశములో నల్లజాతివారి దాసత్వము 1865లో చట్టమువలన రద్దయి అప్పటికి ఇరువదియేడు సంవత్సరములే. చట్టము విప్పిన సంకెళ్లను ఆచారము మరల తగిలించుచుండిన కాలమది. రైలులో పెట్టె వేరు, బడి వేరు, నీళ్ల కుళాయి వేరు, చచ్చినవారికి శ్మశానము కూడ వేరు. ఎదిరించిన నల్లవానిని విచారణ లేకుండ గుంపులు చెట్టుకు ఉరిదీసిన దినములు. ఇట్టి వేరుపాటు ఎట్లుండునో మన గ్రామములలోని పెద్దలకు నేను వివరింపనక్కరలేదు.

బెస్సీకి రెండేండ్లప్పుడు ఆ కుటుంబము వాక్సహాచీ అను పత్తి వ్యాపారపు ఊరికి వచ్చెను. తండ్రి కాస్త స్థలము కొని మూడు గదుల యిల్లు కట్టుకొనెను. ఆయన రక్తములో ఎక్కువ పాలు అమెరికా ఆదివాసులది. టెక్సస్‌లో తనవంటి వానికి మనుష్యుని బ్రతుకు దొరకదని విసిగి, ఆదివాసుల భూములున్న ఓక్లహోమా దేశమునకు పోదమనెను. సూసన్ ఒప్పుకొనలేదు. 1901లో ఆయన ఒంటరిగా వెళ్లిపోయెను. పెద్ద కుమారులును తమ దారి తాము చూచుకొనిరి. మిగిలిన ఆడపిల్లలతో ఆ తల్లి నిలిచిపోయెను.

సూసన్‌కు చదువు రాదు. తెల్లవారి యింట వంటపనియు యింటిపనియు చేసి పిల్లలను పోషించెను. తల్లి పనికి పోయినప్పుడు తొమ్మిదేండ్ల బెస్సీయే చెల్లెండ్రకు తల్లి. ఊరిలోనికి పుస్తకముల బండి వచ్చినప్పుడెల్ల సూసన్ ఏదో ఒక పుస్తకము తెచ్చి బెస్సీ చేతికిచ్చెడిది. సాయంకాలము దీపము దగ్గర ఆ పిల్ల బైబిలు చదువుచుండగా ఇంటివారందరు వినెడివారు. వారు బాప్తిస్టు సంఘమునకు చెందినవారు. చదువురాని తల్లి, చదివి వినిపించు కుమార్తె: మన సంఘములలో ఎన్ని యిండ్లలో ఇట్లు జరిగినదో! నేను గృహదర్శనమునకు పోయినప్పుడు ఇట్టి యిండ్లను నేటికిని చూచుచున్నాను.

నల్లపిల్లల బడి ఒకే గది. ఆ గదికి బెస్సీ నాలుగు మైళ్లు నడిచి పోయెడిది. పత్తి తీతకు వచ్చిన దినములలో బడి మూయబడెడిది, పిల్లలందరు చేలోనే. బెస్సీకి పత్తి తీయుట ఇష్టము లేదు. ఆమె సంచి తక్కిన పిల్లల సంచులకంటె వెనుకబడెడిది. గాని లెక్కలలో ఆమెకు సాటిలేదు. అందుచేత కాటా దగ్గర నిలిచి తమ పత్తి తూకము సరిగా వ్రాయబడినదో లేదో చూచుట ఆమె పనియాయెను. మేస్త్రీ ముఖము త్రిప్పినప్పుడు ఆమె కాటామీద కాలి బొటనవ్రేలితో కొంచెము నొక్కెడిదని కూడ చెప్పుదురు. సామెతల గ్రంథము దొంగత్రాసును ఖండించుచున్నది. కాబట్టి ఆ బొటనవ్రేలిని నేను సమర్థింపను. అయితే ఆ కాటా అంతకుముందు ఎవరి ప్రక్కకు వంగి యుండెనో అదియు ఖండింపబడవలసినదే గదా.

బట్టలు ఉతికి కూడబెట్టిన డబ్బుతో ఆమె 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ అను ఊర నల్లజాతివారి ఉన్నత విద్యాలయమున చేరెను. ఒక్క విడత చదువు ముగియకముందే చేతిలో డబ్బు అయిపోయెను. తిరిగి వచ్చి మరల బట్టలు ఉతకవలసివచ్చెను. 1915లో, ఇరువదిమూడవ యేట, ఉత్తరమున షికాగో నగరములోనున్న అన్నలయొద్దకు రైలెక్కెను.

షికాగోలో ఆమె క్షురకశాలలో పురుషుల గోళ్లు తీర్చిదిద్దు పని నేర్చుకొనెను. అది ఘనమైన పని కాదు. గాని అక్కడ కూర్చున్నవారు లోకములోని సంగతులన్నియు మాటలాడుకొనెడివారు. మొదటి ప్రపంచ యుద్ధము నడుచుచుండెను. ఆమె అన్నలు వాల్టరు, జాన్ ఇరువురును సేనలో చేరి ఫ్రాన్సుకు పోయి వచ్చిరి. జాన్ తిరిగివచ్చిన తరువాత ఒకనాడు ఆ అంగడిలోనికి వచ్చి, చెల్లెలిని ఎగతాళి చేయుచు, ఫ్రాన్సు దేశపు స్త్రీలు విమానములు కూడ నడుపుదురనియు, మన జాతి స్త్రీలకు అది యెన్నటికిని సాధ్యము కాదనియు అందరి యెదుట ఎద్దేవా చేసెను. అన్న సరదాకు అన్నాడు. చెల్లెలు మాత్రము అక్కడనే తీర్మానించుకొనెను.

అమెరికాలో ఆమె అడిగిన ప్రతి విమాన శిక్షకుడును కాదనెను. నల్లది, అందులో స్త్రీ. ఈ రెండు కారణములలో ఏది ఎక్కువ అడ్డమో వారు చెప్పలేదు. అప్పుడు షికాగో డిఫెండరు అను పత్రికను నడుపుచుండిన రాబర్ట్ ఆబట్ అను నల్లజాతి పెద్దమనిషి ఆమెకు మంచి ఆలోచన చెప్పెను: ఇక్కడ తలుపులు తట్టుచు కాలము పోగొట్టక, ఫ్రెంచి భాష నేర్చుకొని ఫ్రాన్సుకు పొమ్మని. ఆమె పగలు పని చేసి ఒక భాషా పాఠశాలలో ఫ్రెంచి నేర్చుకొనెను. గోళ్లపని విడిచి ఎక్కువ జీతముండు పనికి మారెను. కూడబెట్టిన డబ్బు చాలనప్పుడు ఆబట్‌గారును మరికొందరు నల్లజాతి పెద్దలును చేయూత నిచ్చిరి. 1920 నవంబరు 20వ తేదీన ఆమె న్యూయార్కులో ఓడ యెక్కెను. విమానమును ముట్టుకొనక మునుపే పరభాష నేర్చుకొని, పరదేశమునకు పోవలసివచ్చిన విద్యార్థిని ఆమె.

ఫ్రాన్సు ఉత్తరభాగములో సోమ్ నది సముద్రములో కలియుచోట ల క్రొత్వా అను చిన్న ఊరున్నది. అక్కడ కోద్రోన్ సోదరులు స్థాపించిన విమాన పాఠశాలలో ఆమె చేరెను. ఇక్కడ కొంచెము నిలిచి, ఆ దినములలో క్రొత్తవారు విమానము నేర్చుకొనుట ఎట్టిదో చెప్పవలసియున్నది. నేటి పెద్ద విమానములను తలంచుకొని చదివినయెడల ఆమె చేసిన పని మనకు అర్థము కాదు.

ఆమె నేర్చుకొనినది న్యూపోర్ అను రెండంతస్తుల రెక్కల విమానము. కర్ర చట్టమునకు గుడ్డ బిగించి, పై రెక్కను క్రింది రెక్కను కర్ర గుంజలతోను ఇనుప తీగలతోను కట్టినది. పైకప్పు లేదు. ఒకరి వెనుక ఒకరు కూర్చుండుటకు రెండు గుంటలు. ఒకదానిలో గురువు, రెండవదానిలో శిష్యురాలు. ఇంజను హోరులో మాట వినబడదు. రెండు గుంటలలోని పరికరములును ఒకదానితో ఒకటి కలుపబడి యుండును గనుక, గురువు తన కర్రను ఎట్లు కదిలించునో శిష్యురాలి చేతిలోని కర్రయు అట్లే కదలును. అదియే పాఠము. చూచి కాదు, విని కాదు, అరచేతితో నేర్చుకొనవలెను.

రెండు మోకాళ్ల నడుమనుండు ఆ కర్రను వెనుకకు లాగినయెడల ముక్కు పైకి లేచును, ముందుకు త్రోసినయెడల దిగును, ప్రక్కకు త్రోసినయెడల ఆ ప్రక్క రెక్క వంగును. పాదముల క్రింద ఒక అడ్డపట్టె కలదు. అది తోకవైపునున్న చుక్కానిని త్రిప్పును. చేయియు కాలును కలిసి పనిచేయనియెడల విమానము గాలిలో ప్రక్కకు జారిపోవును. దానికి బ్రేకులు లేవు. నేలమీద దిగిన తరువాత తోక క్రిందనున్న కర్రముక్క మట్టిలో గీచుకొని నిలుపవలసినదే.

ఆ ఇంజను సంగతి మరింత విచిత్రము. మన నూనెయింజను దిమ్మెమీద స్థిరముగా నిలిచి చక్రమును త్రిప్పును. ఆ విమానపు ఇంజనులో సిలిండర్లు గుండ్రముగా అమర్చబడి, ముందున్న పంకాతోకూడ ఇంజను మొత్తమే గిరగిర తిరిగెడిది. అంత బరువైన వస్తువు తిరుగుచుండగా విమానమును ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడు ముక్కు దిగును, రెండవ ప్రక్కకు త్రిప్పినప్పుడు ముక్కు లేచును. ఇది తెలియని క్రొత్తవారు చాలమంది పడిరి. ఆ ఇంజనులోపల పోసెడిది ఆముదము. అవును, మన చేలలో పండెడి ఆముదమే. పెట్రోలులో కరగని నూనె గనుక దానిని ఏర్పరచుకొనిరి. కాలగా మిగిలినది పొగతోకూడ వెనుకకు చిమ్మి నడుపువారి ముఖమునకును కండ్ల అద్దములకును పట్టెడిది. బెస్సీ ప్రతిదినము దిగివచ్చినప్పుడు ఏ వాసనతో వచ్చెడిదో మన తల్లులు ఊహించుకొనగలరు.

ఎక్కకముందు ప్రతి గుంజను, ప్రతి తీగను, గుడ్డమీది ప్రతి చిరుగును తానే చూచుకొనవలెను. గాలికి ఎదురుగా పరుగెత్తించి లేపవలెను. లేచుటకంటె దిగుట కష్టము. అన్నిటికంటె కష్టమైన పాఠము వేరొకటి కలదు. విమానమును రెక్కలే మోయును. గాలి వాటిమీదుగా తగినంత వేగముతో పారినంతకాలమే మోయును. వేగము తగ్గి ముక్కు మరీ పైకి లేచినయెడల రెక్కలు పట్టు విడుచును. అప్పుడు విమానము ఒక ప్రక్కకు ఒరిగి, తిరుగుచు తలక్రిందుగా పడును. భయపడిన మనుష్యుని చేయి సహజముగా కర్రను తనవైపునకు లాగుకొనును. అట్లు లాగినయెడల చావే. నేల మీదికి దూసుకొనివచ్చుచుండగా కర్రను ముందుకు, అనగా ఆ నేలవైపునకే, త్రోయవలెను. తిరుగుడుకు ఎదురుగా కాలితో చుక్కానిని నొక్కవలెను. అప్పుడు వేగము కలిగి రెక్కలు మరల మోయును. దీనికి ఎత్తు కావలెను. ఎత్తున నున్నవాడు అపాయములో నున్నాడని క్రిందివారు అనుకొందురు గాని, క్రొత్తవారికి ఎత్తే భద్రత.

తన తోడి విద్యార్థి ఒకడు కూలి మరణించుట బెస్సీ తన కన్నులతో చూచెను. మరునాడు మరల ఎక్కవలసియున్నది. ఆమె ఎక్కెను. పది నెలల పాఠమును ఏడు నెలలలో ముగించెను. పరీక్షలో అయిదు కిలోమీటర్ల చుట్టును తిరుగవలెను, ఎనిమిది అంకె ఆకారముగా మళ్లించవలెను, గురుతు పెట్టిన చోటికి 50 మీటర్లలోగా దిగవలెను. చక్రములు నేల తాకకముందే ఇంజను ఆపవలెను. 1921 జూన్ 15వ తేదీన అంతర్జాతీయ విమాన సమాఖ్యవారి అనుమతిపత్రము ఆమెకు ఇయ్యబడెను. నల్లజాతి స్త్రీలలోను అమెరికా ఆదివాసి సంతతి స్త్రీలలోను దానిని పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. అప్పటికి ఆమెకు ఇరువదితొమ్మిదేండ్లు. పత్రముమీద మాత్రము నాలుగేండ్లు తక్కువగా వ్రాయబడినది.

ఆ సెప్టెంబరులో స్వదేశము చేరినప్పుడు విలేఖరులు ఓడరేవునకే వచ్చిరి. నల్లజాతి పత్రికలు ఆమెను పొగడెను. అయితే పొగడ్త అన్నము పెట్టదు. అప్పటికి ప్రయాణికులను మోయు విమానములు లేనట్టే. తపాలా విమానములు తెల్లవారి చేతిలో నుండెను. విమానముతో బ్రతుకవలెనంటే ఊరూర తిరిగి, జనము చూచుచుండగా గాలిలో పల్టీలు కొట్టి, టిక్కెట్టు డబ్బు తీసికొనుట ఒక్కటే మార్గము. ఆ విద్యకు ఇంకను శిక్షణ కావలెను. షికాగోలో మరల అడిగెను, మరల కాదనిరి. 1922 ఫిబ్రవరిలో ఆమె రెండవమారు సముద్రము దాటి ఫ్రాన్సు, హాలెండు, జర్మనీ దేశములలో నేర్చుకొని వచ్చెను.

1922 సెప్టెంబరు 3వ తేదీన న్యూయార్కు దగ్గర, యుద్ధములో పోరాడిన నల్లజాతి పటాలమునకు గౌరవార్థము జరిగిన ప్రదర్శనలో ఆమె మొదటిసారి స్వదేశపు జనుల యెదుట ఎగిరెను. విమానము ఎరువుది. తరువాతి నెలలో షికాగోలో, తల్లియు తోబుట్టువులును ఉన్న నగరములో, ఎగిరెను.

ఇంత నేర్చుకొనినది సర్కసువంటి పనికా అని మన పెద్దలు కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న నాకును కలిగెను. ప్రాణమును పందెము పెట్టి జనమును మెప్పించుట భక్తిగల పని అని నేను చెప్పజాలను. అయితే ఆమె కోరినది చప్పట్లు కాదు. నల్లజాతి యువతీయువకులు ఫ్రెంచి నేర్చుకొనకుండ, ఓడ యెక్కకుండ, తమ దేశములోనే విమానము నేర్చుకొనుటకు ఒక పాఠశాల పెట్టవలెనని ఆమె కోరిక. ప్రతి ప్రదర్శనయు దానికి ఇటుక. ప్రదర్శనలు లేని దినములలో బడులలోను దేవాలయములలోను నాటకశాలలలోను ఉపన్యాసములు చెప్పి, తాను ఎగిరినప్పటి చలనచిత్రములు చూపి, పిల్లలకు ఆశ పుట్టించెడిది.

ఆమె మనస్సు తెలిసికొనుటకు ఒక సంగతి చాలును. ఒక చలనచిత్ర సంస్థ ఆమె జీవితము ఆధారముగా చిత్రము తీయుటకు పూనుకొనెను. ఆమె ఒప్పుకొనెను. ఆ డబ్బుతో పాఠశాల దగ్గరపడును. తీరా వెళ్లిచూడగా, మొదటి ఘట్టములో ఆమె చిరిగిన బట్టలతో, చేతికర్రతో, వీపున మూటతో, ఏమియు తెలియని మొద్దు పిల్లగా పట్టణము చేరుచున్నట్లు చూపవలెనట. ఆమె లేచి వెళ్లిపోయెను. దాని వలన ఆమెకు నష్టమే కలిగెను. పలుకుబడి గలవారు కొందరు ఆమె నిలకడలేనిదని దూరమైరి. చిరిగిన బట్టలు ఆమె నిజముగా కట్టుకొనినవే, సిగ్గేమి అని అనువారుండవచ్చును. పేదరికమునకు ఆమె సిగ్గుపడలేదు. తన జనులను చూచి నవ్వుటకే డబ్బిచ్చువారికి తన్ను తాను అమ్ముకొనలేదు. నా మట్టుకు నేను, ఆమె జీవితములో విమానము ఎక్కిన దినముకంటె ఈ దినమునే గొప్పదిగా ఎంచుచున్నాను.

1923లో కాలిఫోర్నియాకు పోయి, యుద్ధము తరువాత సేనవారు అమ్మివేసిన జెన్నీ అను పాత విమానమును 400 డాలర్లకు కొనెను. మొదటిసారి తనదని చెప్పుకొనదగిన విమానము. ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్ ప్రాంతమున ప్రదర్శనకు బయలుదేరగా, నేల నుండి 300 అడుగుల ఎత్తున ఇంజను ఆగిపోయెను. ఎత్తే భద్రత అని పైన వ్రాసితిని. 300 అడుగులు దేనికిని చాలవు. విమానము ముక్కలాయెను. ఆమె కాలు విరిగెను, ప్రక్కటెముకలు విరిగెను. స్పృహ కలుగగానే, తనకు కట్లుకట్టి ఎట్లైన ప్రదర్శనస్థలమునకు చేర్చుమని వైద్యుని బతిమాలెనట. అక్కడ వేచియున్న జనము మాత్రము టిక్కెట్టు డబ్బు తిరిగి ఇమ్మని అల్లరి చేసిరి. ఆమె మూడు నెలలు ఆసుపత్రిలో నుండెను. కూడబెట్టినదంతయు పోయెను. తరువాత రెండేండ్లు దాదాపు వట్టివే.

1925లో ఆమె తన సొంత రాష్ట్రమైన టెక్సస్‌కు వచ్చెను. జూన్ 19వ తేదీ ఆ రాష్ట్రపు నల్లజాతివారికి విడుదల పండుగ; దాసులు స్వతంత్రులని 1865లో అక్కడ చాటింపబడిన దినము. ఆ దినముననే హ్యూస్టన్ నగరములో ఎగిరెను. అటుతరువాత తాను పెరిగిన వాక్సహాచీలో ప్రదర్శన ఏర్పాటాయెను. అక్కడి నిర్వాహకులు తెల్లవారికి ఒక గేటు, నల్లవారికి ఒక గేటు పెట్టదలచిరి. అందరు ఒకే గేటున రాకపోయినయెడల తాను ఎగురనని బెస్సీ చెప్పెను. తర్జనభర్జనలు జరిగెను. తుదకు వారు ఒకే గేటుకు ఒప్పుకొనిరి. లోపల కూర్చుండు స్థలములు మాత్రము వేరుగానే ఉండెను. ఆమె ఎగిరెను.

సగము గెలుపునకు ఎందుకు ఒప్పుకొనెనని కొందరు తప్పుపట్టుదురు. నేను పట్టను. సెలోపెహాదు కుమార్తెలకు న్యాయము తీర్చబడిన తరువాత కూడ, 36వ అధ్యాయములో వారి గోత్రపు పెద్దలు వచ్చి దానికి ఒక షరతు పెట్టించిరి. ఆ షరతుతోనే వారు స్వాస్థ్యము పొందిరి. ఒక పూట ఒక గేటున యజమానియు కూలివాడును భుజము భుజము తగిలి లోపలికి నడిచినయెడల, ఆ ఊరివారికి అది మరపురాదు. ప్రభువు బల్లయొద్ద కూడ వేరు వరుసలు చూచిన మన పెద్దలకు ఈ గేటు సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

తరువాత ఆమె ఫ్లోరిడా రాష్ట్రమునకు పోయెను. ఆర్లాండో పట్టణములో హెజెకయా హిల్ అను బాప్తిస్టు పాదిరిగారును ఆయన భార్య వయోలా అమ్మగారును ఆమెను తమ యింట చేర్చుకొని కూతురివలె చూచిరి. ఏండ్ల తరబడి ఊరూర తిరిగినదానికి ఆ పాదిరి యింటిలో విశ్రాంతియు ప్రార్థనయు దొరికెను. అపాయకరమైన ఈ విన్యాసములు మానుమని వయోలా అమ్మగారు ఆమెకు నచ్చజెప్పెడివారు. ఆమెయు పాఠశాలకు కావలసిన డబ్బు చేరగానే ప్రదర్శనలు విడిచి, నేర్పుపని పట్టుకొనవలెనని చూచుచుండెను. డబ్బుకోసము అక్కడ స్త్రీల కేశాలంకరణశాల కూడ తెరచెను. ఎడ్విన్ బీమన్ అను ఒక తెల్లజాతి ధనవంతుడు ఆమె విమానమునకు బాకీయున్న కడపటి మొత్తము సర్దెను. త్రోసివేసినవారు చాలమంది తెల్లవారే, చేయి కలిపినవారిలోను తెల్లవారుండిరి. రెండును చెప్పుట న్యాయము.

ఆ విమానము మరల పాత జెన్నీయే. విల్యం విల్స్ అను ఇరువదినాలుగేండ్ల తెల్లజాతి మెకానిక్కు దానిని టెక్సస్‌లోని డల్లాస్ నుండి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు నడిపి తెచ్చెను. దారిలో ఇంజను మొరాయించి మధ్య మధ్య దిగవలసివచ్చెను. ఇది మంచి గురుతు కాదు. 1926 మే 1వ తేదీన ప్రదర్శన. నల్లజాతివారి సంక్షేమ సంఘము వారు దానిని ఏర్పాటు చేసిరి. బెస్సీ పారాషూటుతో దూకవలసియుండెను.

ముందుదినము, ఏప్రిల్ 30వ తేదీ ఉదయమున, దిగవలసిన స్థలమును పైనుండి చూచి ఏర్పరచుకొనుటకు ఇరువురు ఎగిరిరి. విల్స్ ముందు కూర్చుండి నడుపుచుండెను. బెస్సీ వెనుక కూర్చుండెను. ఆమె పొట్టి మనిషి. అంచుమీదుగా వంగి నేలను చూచుటకు నడుము పట్టీ అడ్డము; గనుక పట్టీ పెట్టుకొనలేదు. పది నిమిషములు గడిచెను. రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున విమానము హఠాత్తుగా వేగము పుంజుకొని ముక్కు దించి, తిరుగుచు పడసాగి, తలక్రిందాయెను. బెస్సీ దానిలోనుండి జారి పడి మరణించెను. విల్స్ విమానముతోనే కూలి మరణించెను. తరువాత శకలములను వెదకగా, ఒక పానా జారి నడుపు పరికరములలో ఇరుక్కొని వాటిని పట్టివేసినట్లు కనబడెను. పెద్ద తుపాను కాదు, శత్రువు కాదు; ఎవరో ఎక్కడనో మరచి విడిచిన ఒక పానా. కర్రను ముందుకు త్రోయుట ఎరిగిన చేతులు ముందు గుంటలోను ఉండెను, వెనుక గుంటలోను ఉండెను. కర్ర కదలలేదు. ఆమెకు ముప్పదినాలుగేండ్లు.

తెల్లవారి పత్రికలు విల్స్ మరణమును ముందు వ్రాసి, ఆమెను వెనుకకు నెట్టెను. జనులు అట్లు చేయలేదు. జాక్సన్‌విల్‌లో ఒక ఆరాధన, ఆర్లాండోలో మరియొకటి జరిగెను. అక్కడనుండి శవపేటికను రైలులో షికాగోకు తీసికొనిపోయిరి. అక్కడి పిల్‌గ్రిమ్ బాప్తిస్టు దేవాలయములో జరిగిన కడపటి ఆరాధనకు పది వేలమంది వచ్చిరని అంచనా వేసిరి. నల్లవారిని గుంపులు చంపుటకు విరోధముగా జీవితకాలము పోరాడిన ఐడా బి. వెల్స్‌గారు ఆ కూటమును నడిపించిరి. చదువురాకపోయినను బెస్సీ చేతికి పుస్తకమిచ్చిన తల్లి సూసన్ ఆ జనములో నుండెను. లింకన్ సమాధిస్థలములో ఆమెను పాతిపెట్టిరి.

ఆమె తలంచిన పాఠశాల ఆమె కాలములో తెరువబడలేదు. మూడేండ్లకు, 1929లో, విల్యం పావెల్ అను నల్లజాతి యువకుడు లాస్ ఏంజెలిస్‌లో బెస్సీ కోల్‌మన్ పేరిట విమాన సంఘమును స్థాపించి శిక్షణ మొదలుపెట్టెను. పావెల్‌కు కూడ అంతకుముందు తన నగరములోని విమాన పాఠశాలలు తలుపు మూసినవే. 1931 మొదలుకొని షికాగోలోని నల్లజాతి వైమానికులు సంవత్సరమునకు ఒకసారి చిన్న విమానములలో లింకన్ సమాధిస్థలము మీదుగా తక్కువ ఎత్తున ఎగిరి, ఆమె సమాధిమీద పూలు జారవిడుచుట మొదలుపెట్టిరి.